బొట్టు పెట్టిన దుర్భిణి

మునిస్వామి నడుము ఒక్కరోజులో పోలేదు. ఏళ్ల తరబడి రాత్రిళ్లు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకీ మాదాపూరుకీ మధ్య కంపెనీ క్యాబు తోలి, ఆ సీట్లోనే అరిగి, స్పీడు బ్రేకర్ల మీద ఎగిరెగిరి, చివరికి వికారాబాదు అవతల ఒక బండ ఎక్కుతుండగా, భుజం మీద టెలిస్కోపు ఉండగానే టక్కుమంది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పట్టి చూసి, ఇక బరువులు ఎత్తకూడదన్నాడు. ఎత్తకుండా ఏం తిని బతకాలో చెప్పలేదు. అది వాళ్ల చదువులో ఉండదు కాబోలు.

ఆయన తిండి ఆ బరువులోనే ఉంది మరి. మూసాపేటలో ఉండే ఓంకార్ అనే అతను శనివారం శనివారం ఐటీ జనాన్ని పోగేసి, ఊరి వెలుగులకు దూరంగా తీసుకెళ్లి, చుక్కలు చూపించి తెస్తాడు. అతనూ ఒకప్పుడు సాఫ్ట్‌వేరు మనిషే. ఉద్యోగాన్ని తను వదిలాడో, ఉద్యోగమే తనను వదిలిందో చెప్పడు. వ్యాను మునిస్వామిది. చుక్కలు చూపించే పిల్లవాడు బెంగళూరులో పని దొరికి వెళ్లిపోయాక ఆ పని కూడా మునిస్వామి నెత్తినే పడింది. ఏడో తరగతితో ఆగిన చదువు ఆయనది. చంద్రుణ్ణి, గురుణ్ణి, శనిని వెతికి గొట్టంలోకి తేవడం వరకు చూసి చూసి నేర్చుకున్నాడు. అంతకు మించి ఎవరైనా అడిగితే, "అది ఓంకార్ సారు చెప్తాడు" అని పక్కకు తప్పుకుంటాడు.

తలుచుకుంటే ఆయనకు నవ్వొచ్చేది. హైటెక్ సిటీలో పగలూ రాత్రీ ఒకటే వెలుగు. రాత్రయితే ఆకాశానికి ఎవరో నారింజ రంగు పూసినట్టు ఉంటుంది. ఆ వెలుగు కింద వారమంతా కూర్చున్నవాళ్లు, ఆ వెలుగు లేని చోటు చూపించమని డబ్బు కట్టి మరీ వస్తారు. దీపం ఆర్పుకుంటే సరిపోయేదానికి వ్యాను కట్టించుకోవడం. అయినా తనకు అన్నం పెట్టేది ఆ తిక్కే కాబట్టి నోరు మూసుకుని తోలేవాడు.

పాత టెలిస్కోపు అద్దాలది. నీళ్ల డ్రమ్మంత లావు. రోడ్డు కుదుపులకు లోపలి అద్దాలు పక్కకు జరిగేవి. దాన్ని బండ మీదికి చేర్చడం ఒక ఎత్తయితే, చేర్చాక ఆ అద్దాలను సరిచేయడం ఇంకో ఎత్తు. నడుము పోయాక మునిస్వామి దాన్ని ఒక కాలేజీకి అమ్మేశాడు. ఇప్పుడు కావలసింది తేలికైనది, కుదుపులకు చెదరనిది, భుజానికి తగిలించుకుని ఎక్కగలిగినది. వచ్చే శనివారం ఒక కంపెనీ గుంపు ఉంది. ఆలోగా టెలిస్కోపు కుదరకపోతే వేరేవాళ్లను చూసుకుంటానని, అదీ పెద్దదైతేనే జనం మెచ్చుతారని ఓంకార్ మొహం మీదే చెప్పాడు. అప్పుడిక మిగిలేది మళ్లీ రాత్రి క్యాబే. ఆ సీటు గుర్తొస్తే చాలు, వెన్నులో నరం లాగేది.

ఆదివారం మధ్యాహ్నం కొండాపూరులో హేమంత్ ఫ్లాటుకు వెళ్లాడు. హేమంత్‌ది రాజమండ్రి వైపు. వెనకొకసారి ట్రిప్పుకు వచ్చి, తన దగ్గర రెండు టెలిస్కోపులున్నాయని, అమ్మే ఉద్దేశం ఉందని చెప్పి నంబరిచ్చాడు. తలుపు తీసేటప్పటికి అతని భుజం మీద పాల మరకల తుండుగుడ్డ, కళ్ల కింద నల్లటి చారలు.

"రండి మునిస్వామి గారూ. కాస్త మెల్లగా మాట్లాడుకుందామండి. ఇప్పుడే పడుకుంది."

హాల్లో కిటికీ పక్కన ఉయ్యాల ఉంది. టెలిస్కోపులు రెండూ సోఫా వెనక, పిలవని పేరంటానికి వచ్చినట్టు గోడకు ఒదిగి ఉన్నాయి.

"అమ్మడం ఇష్టమేనా సార్?"

"ఇష్టానికేముందండి. ఇంట్లో వీటికీ పాపకీ కలిపి చోటు లేదంది మా ఆవిడ. పాపనైతే పంపలేం కదా," అన్నాడు హేమంత్. అతనేమీ నవ్వలేదు.

రెండింటినీ బాల్కనీలో నిలబెట్టాడు. పెద్దది తెల్లగా, పొడుగ్గా, తొడంత లావుగా ఉంది. దానికో ఇనప స్టాండు, ఆ స్టాండు ఒక పక్కకు ఒరిగిపోకుండా తూకానికి ఇనప గుండ్లు. చూసినవాడు 'అబ్బో' అనాల్సిందే. చిన్నది మూరెడు కూడా లేదు. పెళ్లిళ్లలో ఫోటోలవాళ్లు మెడకు వేసుకునే కెమెరా లెన్సుకు అన్నలాగా ఉంది. దాని స్టాండు కాళ్లు గొడుగులాగా ముడుచుకుంటాయి. అన్నీ కలిపి ఒక్క సంచీలో పడతాయి.

ఎదురుగా కడుతున్న టవరు నెత్తిన క్రేను ఉంది. "పగటిపూట మాకు అదే చంద్రుడండి," అని హేమంత్ పెద్దదాన్ని అటు తిప్పాడు. మునిస్వామి కన్ను ఆనించాడు. క్రేను చేయి ఎదురొచ్చి మీద పడ్డట్టు కనిపించింది. కాని దాని అంచు పొడుగునా, నేరేడు పళ్లు తిన్న పెదవులకు మల్లే ఊదారంగు చార. చిన్నదాంట్లో క్రేను చిన్నగానే ఉంది. అంచు మాత్రం గీసినట్టు ఉంది. ఏ రంగూ లేదు.

"ఇదెందుకట్లా సార్?"

"గాజు తేడా అండి. పెద్దదాంట్లో మామూలు గాజు, రంగులన్నిటినీ ఒక్కచోటికి తేలేదు. చిన్నదాంట్లో మంచి గాజు. రెండిట్లోనూ లెన్సులు బిగించేసి ఉంటాయి కాబట్టి మీ వ్యాను కుదుపులకు చెక్కుచెదరవు. పెద్దదాంట్లో వెలుతురు ఎక్కువ పడుతుంది, మసగ్గా ఉండేవి కూడా కనిపిస్తాయి. చంద్రుడు, గురుడు చాలనుకుంటే చిన్నదే నయం. నేను విమానంలో తల మీద అరలో పెట్టుకుని లడాఖ్ దాకా తీసుకెళ్లానండి."

"ధర ఎట్లా?"

"చిన్నదానికే ఎక్కువండి."

"అన్నిచోట్లా అంతేలే సార్. తక్కువ మోసేవాడికే జీతం ఎక్కువ."

హేమంత్ తుండుగుడ్డ సర్దుకున్నాడు. "రెండూ పట్టుకెళ్లండి. సాయంత్రం మీ మేడ మీద పెట్టి చూసుకోండి. వద్దనుకున్నది రేపు తెచ్చివ్వండి. ఈ ఒక్క పూటా రెండూ ఇంట్లో లేకపోయినా మా ఆవిడ దగ్గర నాకు కాస్త మర్యాద మిగులుతుంది. ఒక్క మాటండి, ముందుండే గాజును మాత్రం ఏదీ తాకనివ్వకండి. వేలు కూడా."

మునిస్వామి ఆ మాట చెవిన వేసుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పాలని తోచలేదు.

నిజాంపేటలో వాళ్లుండే బిల్డింగుకు లిఫ్టు ఉంది. ఉందంటే, లిఫ్టు దిగే గొయ్యి ఉంది. లిఫ్టు వచ్చే సంక్రాంతికని ఓనరు చెప్పిన మాట మీద బిల్డింగులో ముగ్గురు కిరాయిదార్లు మారారు. మునిస్వామి ఉండేది మూడో అంతస్తు. చిన్న సంచీని ముందు పైకి చేర్చి, పెద్దదానికి మళ్లీ దిగాడు. గొట్టం ఒక విడత. స్టాండు ఒక విడత. ఇనప గుండ్ల పెట్టె ఇంకో విడత. ఆఖరి విడతలో రెండో అంతస్తు మలుపు దగ్గర గోడకు తల ఆనించి నిలబడిపోయాడు. పై నుంచి ఎవరో చూస్తున్నారని తెలుసు. తల ఎత్తడానికి కూడా ఓపిక లేకపోయింది.

పైన గుమ్మంలో భార్య నాగమణి ఉంది. వీధి చివర కర్రీ పాయింట్లో పొద్దున కూరలు వండి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. చేతులకు ఎప్పుడూ పోపు వాసన.

"ఏందయ్యా ఇది, పిరంగా?"

"టెలిస్కోపు."

"మరి అది?"

"అదీ టెలిస్కోపే."

"డాక్టరు ఎత్తొద్దని చెప్పింది నీకా, నాకా?"

"ఎత్తకుంటే డాక్టరొచ్చి బియ్యం పోస్తాడా," అంటూ మునిస్వామి చాప మీద పడ్డాడు. ఆమె వేడినీళ్ల సంచి తెచ్చి నడుం కింద తోసింది. ఆ వెచ్చదనానికి ఆయనకు కునుకు పట్టింది.

అగరువత్తి వాసనకు మెలకువ వచ్చింది. దేవుడి అర ముందు పీట, పీట మీద చిన్న టెలిస్కోపు, దాని నడుముకు చేమంతిపూల దండ. నాగమణి నిమ్మకాయ తిప్పుతోంది. మిక్సీ అయినా, గ్యాసు పొయ్యి అయినా, వ్యాను అయినా, పసుపు కుంకుమ చూడకుండా ఆ ఇంట్లో ఏ సామానూ పనిలోకి దిగలేదు. వ్యాను ముందద్దానికి పెట్టిన బొట్టు ఏడాది పాటు చెరగకుండా కాపాడిన మనిషి ఆమె. ఇప్పుడు ఈ గొట్టం మూత తీసి, సరిగ్గా గాజు నడిమధ్యన, రూపాయి బిళ్లంత తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దింది.

నిద్రమత్తులో మునిస్వామి బుర్ర కంటే చెయ్యి ముందు లేచింది. ఎన్నో వేల తెల్లవారుజాముల్లో బండి అద్దం తుడిచిన చెయ్యి అది. భుజం మీది తువాలు లాగి గాజును అడ్డంగా ఒక్క రుద్దు రుద్దాడు. కుంకుమలో ఏ రవ్వ ఉందో, సన్నగా 'కర్' మంది. ఆ చప్పుడుకి పూర్తిగా మేలుకున్నాడు. వెలుతురుకి పట్టి చూస్తే గాజు మీద వెంట్రుకంత గీత. రుద్దిన పసుపు అంచు దాకా పాకింది.

"ఏమ్మే, నీకు కండ్లుండాయా?"

"ఉండాయి గాబట్టే పెట్టినా. దానికి మొకం అదే గదా. వెనకాల పెడితే ఎవరికి పెట్టినట్ట?"

"రెండిట్లో ఒకటి రేపు వాపసు ఇచ్చేయాల. బొట్టు పెట్టినాక యాడ ఇచ్చేది?"

"ఇచ్చేయొద్దు."

"ఓంకారు పెద్దది కావాలంటాడు. పెద్దదాన్ని వదిలిపెట్టి దీనికెందుకు పెట్టినావు?"

నాగమణి నిమ్మకాయను గుమ్మం పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. "పెద్దదాన్ని ఎక్కించేటప్పుడు మలుపుకాడ నీ మొకం చూసినా. ఆ మొకం వారం వారం చూసేది నా వల్ల కాదు. ఓంకారుకు పెద్దది కావాలంటే ఓంకారునే మోసుకోమను."

అంటే తెలియక చేసింది కాదు. గాజు సంగతి తెలియదు గాని, మిగతాదంతా తెలిసే చేసింది. మునిస్వామికి కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. దానికీ బలం కావాలి.

హేమంత్‌కు ఫోను చేశాడు. అవతల పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"బొట్టాండీ? లెన్సు మీదా?"

"అవున్సార్."

"దేంతో తుడిచారు?"

"తువాలుతో."

హేమంత్ అన్నాడు, "పోన్లెండి. మా అత్తగారు నా కొత్త ల్యాప్‌టాపు మీద కొబ్బరినీళ్లు చల్లారు. అది ఇప్పటికీ లేవలేదు. మీరింక పొడిగా రుద్దకండి. నోటితో కాదు, ఆ సంచీలో రబ్బరు బుడ్డి ఉంటుంది, దాంతో గాలి ఊదండి. మెత్తటి గుడ్డ కూడా ఉంటుంది, కొంచెం తడిపి తాకీ తాకనట్టు తియ్యండి. సన్నగీత చూపుకేమీ అడ్డం రాదండి. కాకపోతే అది మీదే ఇంక. బొట్టు సంగతి అలా ఉంచండి, గీత పడ్డదాన్ని నేను ఇంకొకరికి అమ్మలేను."

ఆమె బొట్టు పెట్టింది, తను గీత పెట్టాడు. ఏది ఎంచుకోవాలా అని మధ్యాహ్నం నుంచి కొట్టుకుంటున్న సంగతి అట్లా తేలిపోయింది. మునిస్వామి రబ్బరు బుడ్డి వెతికి ఊదుతూ కూర్చున్నాడు. పసుపు చాలావరకు పోయింది. అంచున, గాజు ఇత్తడి రింగుతో కలిసే చోట, సన్నటి పసుపు చార మాత్రం పట్టుకుని వదల్లేదు. ఇంక ఓంకార్‌కు చెప్పాలి. అతను ఒప్పుకోకపోతే, మోయగలిగిన టెలిస్కోపు ఉండి కూడా మోయాల్సిన పని ఉండదు.

పొద్దు వాలేవేళకు ఓంకార్ వచ్చాడు. వస్తూనే పెద్దదాన్ని చూసి కళ్లు మెరిపించాడు. "అరే, గిది గదా టెలిస్కోపంటే. పద అన్నా, మేడ మీద పెట్టి చూద్దాం."

"నేను ఎత్తను. చూడాలంటే నువ్వే ఎత్తుకో."

ఓంకార్ తేలిగ్గా నవ్వి గొట్టం ఎత్తుకున్నాడు. తర్వాత స్టాండుకు దిగాడు. గుండ్ల పెట్టె దాకా వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుంది. చూస్తే ఎక్కింది ఒక్క అంతస్తే.

"ఏందన్నా, గింత బరువుందేంది?"

"పెద్దది కావాలన్నది నువ్వే గదా."

"బరువుంటదని నాకేం ఎరుక? ఎప్పుడూ మోసింది నువ్వు."

అన్నాక ఆ మాట తనకే ఎట్లాగో వినిపించినట్టుంది. తల గోక్కుంటూ గొట్టాన్ని స్టాండుకు బిగించడంలో పడ్డాడు.

ప్రగతి నగర్ చెరువు వైపు నుంచి చల్లగాలి వస్తోంది. నడినెత్తిన అర చంద్రుడు. మాదాపూరు వైపు ఆకాశం అప్పటికే నారింజ రంగుకు తిరిగింది. ఆ వెలుగులో ఒక్క చుక్క లేదు. చంద్రుణ్ణి మాత్రం ఏ కంపెనీ దీపమూ ఆర్పలేదు. ఓంకార్ పెద్దదాంట్లో చూసి, "మస్తున్నది," అన్నాడు. అంచున ఊదారంగు ఉంది గదా అంటే, "పబ్లిక్‌కు అది కూడా మంచిగనే కొడుతది, రంగు రంగులుంది అనుకుంటరు," అన్నాడు. తర్వాత చిన్నదాంట్లో చూసి, వంగినవాడు వంగినట్టే దాని పొడుగు జానలతో కొలిచాడు.

"మంచిగనే ఉంది. కానీ గింతే ఉంది అన్నా. జనం దీన్ని చూస్తే ఏమంటరు? గీ పిప్పరమెంట్ల డబ్బాకా మేం పైసలు కట్టింది అంటరు. పోస్టర్ల ఫోటో వెయ్యాలంటే సామాను దిట్టంగుండాలె. ఇగ ఫైనల్, పెద్దదే."

మునిస్వామి మేడ పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాదించే ఓపిక లేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పాడు. "పెద్దదైతే నన్ను వదిలేయి ఓంకారూ. వ్యాను తోలమంటే తోలతా. బండ మీదికి ఎక్కించేది మాత్రం నాతో కాదు. నడుము పోతే నువ్వేమి నడుము కొనిస్తావా."

"అట్లంటే ఎట్లనే. ఎక్కించేటోడే చూపించాలె. ఇద్దరికి ఇయ్యాలంటే నాకేం మిగులుతది?" ఓంకార్ గొంతు తగ్గించాడు. "తప్పుగ అనుకోకు అన్నా. నేను వేరేటోన్ని చూసుకోవాలె మరి."

"చూసుకో."

అంతే. ఇంత సుళువుగా అయిపోతుందని మునిస్వామి అనుకోలేదు. క్యాబు ఓనరుకు ఫోను ఇవాళ చెయ్యాలా, రేపు చెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు. ఓంకార్ చిన్నదాన్ని స్టాండు నుంచి విప్పి, మూత పెట్టబోతూ ఆగాడు.

"గిదేంది, పసుపుపచ్చగ?"

"బొట్టు. మీ వదిన పూజ చేసింది. తుడిచినా పూర్తిగా పోలేదు."

ఓంకార్ చేతిలో ఉన్నదాన్ని మెల్లగా రెండు కళ్లకూ అద్దుకున్నాడు. "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా అన్నా?"

"చెప్తే?"

"బొట్టు పెట్టిన సామాను ఇంట్ల మూలకు పెట్టి, వేరేదాంతోని బోణీ చేస్తమా? అదీ శనివారం నాడు? మొన్న టైర్ల కింద నిమ్మకాయలు పెట్టకుంట బయలెల్లితే ఏమైంది? ఘాట్ల టైరు పగిలి, అందరు రోడ్డు మీద కూసున్నరు. యాది లేదా నీకు?"

"చదువుకున్నోడివి నువ్వు."

"చదువుకు, దీనికి ఏం సంబంధం? నా బైకుకు కట్టిన మిరపకాయలు చూడలేదా?" ఓంకార్ నిట్టూర్చాడు. "సరే తియ్యి. శనివారం దీంతోనే పోదాం. మంది మంచిగుందన్నరంటే ఇదే ఉంటది. ఊకె చిన్నగుందని మాట పడితే మాత్రం నీదే జిమ్మేదారి."

మునిస్వామి తలూపాడు. సంతోషం ఏమీ కలగలేదు. నడుము నొప్పి చెబితే కదలని మనిషి చిటికెడు పసుపుకు కదిలాడు. ఈ ఊళ్లో మనిషి మాటకు ఉన్న విలువ అంతేనేమో. ఏదయితేనేం, క్యాబు ఓనరుకు ఇవాళ ఫోను చెయ్యక్కర్లేదు. రేపు కూడా. శనివారం తర్వాత సంగతి శనివారం తర్వాత.

నాగమణి టీ గ్లాసులతో పైకి వచ్చింది. వాళ్లిద్దరి మొహాలు ఒకసారి చూసి గ్లాసులు అందించింది. మునిస్వామి చిన్నదాన్ని మళ్లీ స్టాండుకు ఎక్కించి, చంద్రుడి మీదికి తెచ్చి, తనే ముందు చూశాడు. గీత కోసం వెతికాడు. పై నుంచి కిందికి, అంచు నుంచి అంచుకు. ఎక్కడా లేదు. అది గాజు మీద ఉంది గాని చంద్రుడి మీద లేదు. కొండల నీడలు, గుంతల గోడలు అన్నీ కత్తిరించి అతికించినట్టు ఉన్నాయి.

"నువ్వు కూడా చూడు," అన్నాడు భార్యతో.

"నాకెందుకులే," అంటూనే వంగింది. ఒక కన్ను మూయడం చేతగాక చీరకొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "దూరపు కొండలు నునుపంటారు గదా. ఇదేంది, ఇన్ని గుంతలుండాయి? అచ్చం మన నిజాంపేట రోడ్డు మాదిరే ఉండాది."

ఓంకార్‌కు టీ పొలమారింది. "వదినా, గీ మాట నాకియ్యి. శనివారం మందికి చెప్తా."

"చెప్పుకో. ఊరికే మాత్రం కాదు," అంది నాగమణి. "ఆ పిరంగిని కిందికి దించి పో."

చీకటి చిక్కబడకముందే సర్దడం మొదలుపెట్టారు. పెద్దది రేపు హేమంత్ ఇంటికి చేరాలి కాబట్టి వ్యానులోకి దించాలి. మునిస్వామి అలవాటుకొద్దీ గుండ్ల పెట్టె దగ్గర వంగాడు. నాగమణి పాదంతో ఆ పెట్టెను పక్కకు జరిపింది.

"ఆ సంచీ తగిలించుకో నువ్వు."

ముందు ఆ పెట్టెను ఒకవైపు ఓంకార్, ఒకవైపు నాగమణి పట్టుకుని మెట్లు దిగసాగారు. మునిస్వామి చిన్న సంచీ భుజానికి వేసుకుని వెనక దిగాడు. ఒక చెయ్యి గోడ మీద ఉంది. రెండో చేతికి ఏం పని చెప్పాలో తెలియలేదు. రెండో అంతస్తు మలుపు దగ్గర ఓంకార్ పెట్టె దించి, గోడకు తల ఆనించి, లిఫ్టు పెట్టించని ఓనరునూ టెలిస్కోపు చేసినవాణ్ణీ కలిపి తిట్టాడు.

వెనక మునిస్వామి కూడా ఆగాడు. ఆయన తొందరపెట్టలేదు.